దిగని ముద్ద

లాండ్రీ ఇస్త్రీ గదిలో అన్నాల వేళ. పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడి తింటోంది. కూర్చుంటే ముద్ద దిగదు. ఒక ముద్ద, రెండు గుక్కల నీళ్లు, మెడ పైకెత్తడం. అయినా రొమ్ము మధ్యలో ఆగిపోయింది. తూము దగ్గరికి వెళ్లింది. తిన్నది తిన్నట్టే బయటికొచ్చింది. మూతి తుడుచుకుని ఇస్త్రీపెట్టె పట్టుకుంది. దుప్పట్లు సాయంత్రానికల్లా అయిపోవాలి.

పిచ్చుక అని పేరు పెట్టింది తోటి ఆడవాళ్లే, గింజలు ఏరుకున్నట్టు తింటుందని. మొగుడు పోయిన కొన్నాళ్లకు మొదలైంది ఇది. ముద్ద దిగటం లేదంటే ఎవరికైనా ఒకటే అర్థం. బెంగ అనుకున్నారు.

మొగుడున్న రోజుల్లో అత్త ఆమె ముద్దలు లెక్కపెట్టేది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని తినమని బతిమాలుతుంది. నా కొడుకు మీద బెంగతో చిక్కిపోయిందని వీధిలో చెప్పుకుంటుంది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మర్యాద అదొక్కటే.

పిచ్చుకకే అనుమానం. తాగొచ్చి తన్నిన మనిషి కోసం అంత బెంగ తనలో ఎక్కడుందా అని వెతుక్కుంది. కనబడలేదు.

ఒక్కతే ఆస్పత్రికి వెళితే ముక్కులోంచి సన్నగొట్టం దించి చూశారు. అన్నం దిగే గొట్టం అడుగున కండరం బిగుసుకుని వదలటం లేదని, పైనుంచి కిందికి తోసే కండరాలూ చచ్చుబడ్డాయని డాక్టరమ్మ చెప్పింది. బుడగ దించి ఆ కండరాన్ని సాగదీయాలంది. ఊరుకుంటే మంచినీళ్లు కూడా దిగవంది. ఇంటి మనిషిని తోడు తెచ్చుకోమంది.

అత్తకు చెప్పింది. ముసలామె గొంతు తగ్గించింది.

"రోగమని బయట అనబాకే. వాడి కోసం ఒక్కరైనా ఏడుస్తున్నారనుకున్నా."

ఆ రాత్రి ఇంట్లో ఆస్పత్రి మాట మళ్లీ రాలేదు.

మర్నాడు ఆడబిడ్డ వచ్చింది. అత్త కంచాలు పెడుతూ మామూలుగానే మొదలుపెట్టింది, పిల్లకింకా బెంగ తీరలేదని. ఆడబిడ్డ కళ్లొత్తుకుంది.

"మా అన్న అదృష్టవంతుడు వదినా."

పిచ్చుక ముద్ద నోట్లో పెట్టుకుంది. నీళ్లు తాగింది. ముద్ద ఆగిపోయింది. రోజూ అయితే కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయేది. ఇవాళ అక్కడే లేచి నిలబడింది.

"బెంగ కాదమ్మాయ్. కండరం బిగుసుకుంది. ఆస్పత్రికి తోడు కావాలి. మీ ఇద్దరిలో ఎవరొస్తారు?"

ఆడబిడ్డ తల్లి వైపు చూసింది. తల్లి కంచం వైపు చూసింది.

పిచ్చుక మెడ పైకెత్తింది. ముద్ద కదలలేదు. ఆమె కూడా అక్కణ్ణుంచి కదలలేదు.