మారినది మాత్రమే

సెల్లార్ గోదాములో చిక్కుకున్న బావ ఛాతీదాకా నీళ్లలో ఉన్నాడు. ఏ పైపు పగిలిందో వీడియోలో చూస్తేగాని ఫైరింజన్ సిబ్బంది నీటిని ఆపలేరు. ఫోనులో మాట అందుతోంది గానీ వీడియో వెళ్లడం లేదు.

"చెయ్యి కదపకు బావా! కదలని గోడను ఫోను ఒక్కసారే పంపుతుంది, ఆపైన మారినదాన్నే పంపుతుంది. నువ్వు వణికితే గోడంతా మారినట్టే, వీడియో బరువెక్కిపోతుంది," అంది బయట సిబ్బంది పక్కనే నిలబడ్డ మరదలు ఫోనులో.

"ఆ మాట చలికి చెప్పవే తల్లీ!" అంటూ అతడు ఫోనును అరకు ఆనించి మళ్లీ వీడియో తీశాడు.

ఈసారి చిమ్ముతున్న నీళ్లు తప్ప ఏదీ కదలని వీడియో మెల్లగా చేరింది. సిబ్బంది పైపును గుర్తుపట్టి వాల్వు దగ్గరికి పరుగెత్తారు.

"ఇంకొక్కటి పంపు, బావా!" అంది ఆమె, వాళ్లు వాల్వు తిప్పగానే.

అంతే నిడివిగల రెండో వీడియో క్షణంలో వచ్చేసింది. అంత చిన్నదైందంటే అందులో కదిలేదేదీ లేదన్నమాట. తెరవకముందే ఆమె అరిచింది:

"నీళ్లు ఆగాయి!"