గుక్కెడు నీళ్ళ పరీక్ష

బావ కంపెనీ చేసే పని, అడిగినవాళ్ళకి మంచిపేరు తెచ్చిపెట్టడం. ఫ్యాక్టరీ పొగ వదిలినా, ఆసుపత్రిలో పొరపాటు జరిగినా, ఆ యజమాని జనం ముందుకి ఎలా రావాలో, ఏం మాట్లాడాలో వీళ్ళు నేర్పుతారు. పబ్లిక్ రిలేషన్స్ అంటారు దాన్ని. అక్క మాత్రం మాటల కొట్టు అనేది. ఆ కొట్టులో సరుకంతా అక్కదే. గల్లాపెట్టె ముందు కూర్చునేది బావ.

తమ్ముడి పని వేరు. కంపెనీలు పెట్టుకున్న వెబ్‌సైట్లు చూసి, అవి వాళ్ళ పేరు నిలబెడుతున్నాయో ముంచుతున్నాయో చెబుతాడు. కోడిగుడ్డు చేతికిచ్చినా ఈకలు పీకుతాడని అందరూ ఈకల మాస్టారు అని పిలుస్తారు.

అతని పద్ధతి మోటుది. సంబంధం లేని మనుషుల్ని పిలిచి తెర ముందు కూర్చోబెడతాడు. చేతికి గుక్కెడు నీళ్ళిస్తాడు. ఆ నీళ్ళు గొంతు దిగేంతసేపే సైటు చూడనిస్తాడు. మూసేసి అడుగుతాడు, "వీళ్ళేం చేస్తారు? నీకేం గుర్తుంది?" అంతే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఏ పేజీ ఎవరు రాశారో రిపోర్టులో రాయడు. పేజీని చూస్తాను, మనిషిని చూడను అంటాడు. అది చెప్పుకునేటప్పుడు మెడ కొంచెం నిక్కుతుంది.

ఒకరోజు బావే అతని ఇంటికి వచ్చాడు. వెనకాలే అక్క.

"బామ్మర్దీ, మా సైటు పరీక్షించి పెట్టవోయ్. కొత్త మనిషిని తెచ్చుకుందామని చూస్తున్నా. మీ అక్క రాతలు పాతబడ్డాయి. నేనంటే మొగుడు గనక అన్నాడంటుంది. నువ్వంటే నోరెత్తదు."

"బాగోలేదని తేలితే?" అన్నాడు తమ్ముడు.

అక్కే జవాబిచ్చింది. "తేలితే నా కుర్చీ పోతుంది. ఇంట్లో కూర్చుని గిన్నెలకి మంచిపేరు తెస్తా."

బావ పెద్దగా నవ్వాడు. ఫోన్ మోగితే గుమ్మం అవతలికి వెళ్ళాడు. తమ్ముడు గొంతు తగ్గించాడు.

"ఏం రాయమంటావక్కా?"

"ఉన్నది ఉన్నట్టు రాయరా. దొంగ మెప్పు నాకొద్దు. రోజూ అమ్మేది అదేగా."

మర్నాడు ముగ్గుర్ని పిలిచాడు. పక్క సందు దర్జీ, బస్సు డ్రైవరు, పైవాటాలో ఉండే ముసలి నర్సమ్మ. మొదట సైటు ముఖం చూపించాడు. అద్దాల మేడ. దాని ముందు కోట్లు తొడుక్కుని నవ్వుతున్న మనుషులు. పైన పెద్ద అక్షరాలు: 'మీ విశ్వాసానికి శిఖరం, మీ రేపటికి సోపానం.'

"పళ్ళ డాక్టర్లా? ఒక్కళ్ళూ నోరు మూయలేదు," అన్నాడు దర్జీ.

"లిఫ్టులు అమ్ముతారేమో. శిఖరం, సోపానం అంటున్నారుగా," అన్నాడు డ్రైవరు.

నర్సమ్మ గ్లాసు తిరిగి ఇచ్చేసింది. "నీళ్ళు చల్లగా ఉన్నాయి బాబూ. అదే గుర్తుంది."

తరువాత లోపలి పేజీ తీశాడు. రంగుల ఫ్యాక్టరీ నీళ్ళు కాలవలో కలిసిన కథ. 'ఆ రోజు కాలవ నీలంగా పారింది' అని మొదలవుతుంది. యజమాని బుకాయిద్దామనుకున్నాడు. బావ కంపెనీ వాళ్ళు వద్దన్నారు. కాలవ గట్టున ఇంటింటికీ తిప్పి, తప్పు మాదేనని అతని నోటితోనే చెప్పించారు. ఒళ్ళంతా దద్దుర్లు లేచిన పిల్లని చూసి ఆ యజమాని వాకిట్లోనే కూలబడిపోయాడు.

దర్జీ, నర్సమ్మల నీళ్ళు దిగాయి. తెర మూశాడు.

"అప్పుడే మూస్తావేంటయ్యా! తరవాతేమైంది?" అన్నాడు దర్జీ.

డ్రైవరు నీళ్ళు తాగనేలేదు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"ఆ పిల్లకి తగ్గిందా బాబూ?" అంది నర్సమ్మ.

ఆ పేజీ అక్కదని తమ్ముడికి మొదటి ముక్కలోనే తెలిసింది. ముందు పేజీ ఎవరిదో కూడా తెలుసు. శిఖరం అనే మాట లేకుండా బావ మంచినీళ్ళు కూడా అడగడు. ఇక అక్క కుర్చీకి ఢోకా లేదనుకున్నాడు. హుషారుగా రాశాడు. ముందు పేజీ చెత్త, తీసి పారేయండి. నీలం కాలవ కథని ముందుకి తెండి. ఇంత నమ్మకం కలిగించే మాట ఈమధ్య నేను చూడలేదు.

ఎవరు రాశారో ఒక్క ముక్క రాద్దామా అని చేయి ఆగింది. అక్క గనక రాయకూడదు, రాస్తే కట్టుబాటు ఏముంది అనుకున్నాడు. రాయలేదు.

ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి బావ రిపోర్టు పైకి చదివాడు. చెత్త అనే మాట దగ్గర కళ్ళజోడు తీసి అక్క వైపు చూశాడు.

"సైటు బాధ్యత ఎవరిది? నీదేగా. నేనంటే కానివాణ్ణి. ఇదిగో, నీ తోడబుట్టినవాడే చెత్త అన్నాడు."

"ఆ పేజీ రాసింది నువ్వు కదా బావా!" తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"నీ రిపోర్టులో అలా లేదే."

"అందరికీ తెలిసిందేగా!"

బావ బల్ల చుట్టూ చూశాడు. ఒకడు పెన్ను మూత పెట్టుకున్నాడు. ఒకామె నేల చూపులు చూసింది. మాటలు అమ్ముకునే చోట ఎవరి కాగితాలు వాళ్ళు సర్దుకున్నారు.

"ఇక నీలం కాలవ సంగతా, ఆ యజమానిని ఒప్పించింది నేను. మెచ్చుకున్నందుకు సంతోషం బామ్మర్దీ."

కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టయింది బావకి. అక్క కుర్చీ వెనక్కి జరిపి లేచింది. తన చేతిసంచీ భుజాన వేసుకుంది. తమ్ముడి వైపు చూడలేదు.

నెల తిరిగాక తమ్ముడు అక్క ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి, "అక్కా," అన్నాడు.

"రా, కూర్చో." అక్క గుక్కెడు నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఎదురుగా సైటు తెరిచింది. "తాగరా."

తాగడం మొదలుపెట్టాడు.

అదే అద్దాల మేడ. అవే పళ్ళు. అదే శిఖరం. దాని కింద అతని మాట: 'ఇంత నమ్మకం కలిగించే మాట ఈమధ్య నేను చూడలేదు.' పక్కన అతని ఫొటో. పోయినేడు ఈ ఇంట్లోనే అక్కా తమ్ముళ్ళు కలిసి దిగింది. అక్కని కత్తిరించేశారు. కత్తిరించినవాడికి పని రాదేమో, అతని భుజం మీద ఆమె వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

అక్క తెర మూసింది.

"వీళ్ళేం చేస్తారు?"

"మన వేలితో మన కన్నే పొడుస్తారు."

"ఎవరు?"

తమ్ముడు తల వంచుకున్నాడు. ఎవరి పేరూ రాయనివాడు ఈసారి చెప్పాడు. "బావ. నేనూ."

"ఏం గుర్తుంది?"

"నీ చెయ్యి."

అక్క గ్లాసు అందుకుంది. అందులో ఇంకా సగం నీళ్ళున్నాయి. వాటిని తొట్టిలో పారబోసి, గ్లాసు కడిగి బోర్లించింది.