తెరుచుకోని పెళ్ళి వీడియో

పెళ్ళిళ్ళ సీజన్ ముగిసేసరికి ఉదయభాస్కర్‌కి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేవాలనిపించడం లేదు. రాజమండ్రిలో వీడియో షాపు అతనిది. ఆ ఏడు పని మీద పని పడి, ధవళేశ్వరం అప్పాయమ్మ గారి కూతురి పెళ్ళి వీడియోని ఎడిటింగుకి హైదరాబాదులో ఉన్న స్నేహితుడు రాజేంద్రకి అప్పగించాడు. రాజేంద్ర అంతా పూర్తిచేసి, హార్డ్ డిస్కులో ఎక్కించి కొరియర్‌లో పంపాడు.

డిస్కు తగిలిస్తే లైటు వెలుగుతోంది, లోపల తిరుగుతున్న చప్పుడూ వినిపిస్తోంది. తెర మీద మాత్రం ఒకటే ప్రశ్న: ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చెయ్యమంటారా? కేబుల్ మార్చాడు. వెనక పోర్టులో పెట్టి చూశాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే ప్రశ్న. విసుగెత్తి 'ఎస్' కొట్టేద్దామనిపించింది. కానీ తీసిన క్యాసెట్ల మీద అప్పటికే ఇంకో పెళ్ళి తీసేశాడు. రాజేంద్ర కూడా పని పంపేశాక తన దగ్గర కాపీ ఉంచుకోడు. ఉన్నదల్లా ఈ డిస్కులోనే.

ఇంతలో అప్పాయమ్మే వచ్చింది. చేపలు అమ్ముకుని ఇంటికి పోతూ, ఖాళీ గంప గుమ్మం బయట దించి లోపలికి వచ్చింది. ఇదివరకు వచ్చినప్పుడల్లా వచ్చేవారం రమ్మని పంపేశాడు. ఈసారీ అదే అనబోయాడు.

"పోయిందంటే పోయిందని చెప్పెయ్యండి బాబూ. ఇంక తిరగలేనండి," అందావిడ.

పెళ్ళి రోజు వంటవాళ్ళు రాక తను పొయ్యి దగ్గరే ఉండిపోయిందట. పిల్ల మెడలో తాళి పడడం కూడా చూడలేదట.

ఉదయభాస్కర్ ఆవిడకి కుర్చీ వేసి, రాజేంద్రకి ఫోన్ చేశాడు.

"అది మ్యాక్‌లో వాడిన డిస్కురా. నీ విండోస్ దాన్ని చదవలేదు. ఫార్మాట్ మాత్రం కొట్టకు, మొత్తం పోద్ది," అన్నాడు రాజేంద్ర. మ్యాక్ డిస్కుల్ని విండోస్‌లో తెరిచే సాఫ్ట్‌వేర్ ఒకటుందనీ, కొన్నాళ్ళు ఊరికే వాడుకోనిస్తారనీ దాని పేరు చెప్పాడు.

డౌన్‌లోడ్ సగంలో ఉండగా నెట్ పోయింది. మళ్ళీ మొదటినుంచీ పెట్టాడు. అప్పాయమ్మ కదల్లేదు.

ఎట్టకేలకు డిస్కు తెరుచుకుంది. అతను నేరుగా తాళి కట్టే చోటికి తీసుకెళ్ళాడు. ఆవిడ కుర్చీని తెర దగ్గరకు జరుపుకుని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"బాగానే కట్టాడు," అంది మెల్లిగా.

తలంబ్రాలు పోసుకుంటుండగా ఆవిడ తల పక్కకి వాలిపోయింది. నిద్రపట్టేసింది. అతను లేపలేదు. సౌండు తగ్గించి, కాపీ మొదలుపెట్టి, తనూ బల్లమీద తల వాల్చాడు.