కొలిమి వైపు తిరిగిన గడప

తెల్లారితే గుట్ట మీది కోటలో ముందు వినబడేది తిరగళ్ల చప్పుడు. ఆడవాళ్లు బార్లీ విసురుతుంటే మగవాళ్లు గొర్రెల్ని మట్టికట్ట దాటించి వాలులోకి తోలుకుపోతారు. ఎప్పుడైనా ఓ పొద్దున ఎవరిదో గుండ్రటిల్లు, నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు, పక్కకి తిరిగి ఉంటుంది. నిన్న తూర్పున ఉన్న గుమ్మం ఇవాళ ధాన్యపు గోతుల వైపు ఉంటుంది. ఇంటివాళ్లు గడపరాయి జరుపుకుని, కొత్త దోవలో బురద మీద గడ్డి పరుచుకుంటారు. అంతే.

నెమెతా ఇల్లు మాత్రం రెండేళ్లుగా కదల్లేదు. కొడుకు కింతో పోయినప్పుడు కొలిమికి వీపు పెట్టింది, అలాగే ఉండిపోయింది. కొలిమి ఆర్తోస్‌ది. అతనూ కింతో స్నేహితులు. పక్క తెగవాళ్ల ఆవుల్ని తోలుకొద్దామని ఇద్దరూ కలిసి వెళ్లారు. వరదలో ఏరు దాటుతూ కింతో కొట్టుకుపోయాడు. ఆర్తోస్ ఒక్కడే తిరిగొచ్చాడు.

"నా కొడుకు చెయ్యి వదిలేశాడు," అంది నెమెతా. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. ఇంట్లో కోడలు సెనువాతోనూ అవసరానికి మించి మాట్లాడలేదు.

"అత్తా, చలికాలానికి మందలు కిందికి దిగేటప్పుడు నేనూ మా పుట్టింటికి పోతాను," అంది సెనువా ఒకరోజు ఉన్ని వడుకుతూ. "గోడలతో ఎన్నాళ్లని మాట్లాడను?"

"పో. నేనేమన్నా కట్టేశానా?" అంది నెమెతా. కానీ ఆ పూట తిండి ముట్టలేదు.

మర్నాడు లేచేసరికి గుమ్మం సరిగ్గా కొలిమికి ఎదురుగా ఉంది. అక్కడ ఆర్తోస్ ఎత్తిన సుత్తి ఎత్తినట్టే నిలబడిపోయాడు.

"ఈ ఇంటికి మతిపోయిందా!" నెమెతా గుమ్మానికి ఆవుతోలు కట్టింది. లోపల పొగకి ఉక్కిరిబిక్కిరై తనే ఊడదీసింది. గోడకి భుజం ఆనించి తోసింది కూడా.

"చాల్లే అత్తా, నడుం పట్టేస్తుంది," అని సెనువా నవ్వు ఆపుకుంది.

నీళ్లకి వెళ్లినా, మేకని కట్టేసినా ఎదురుగా అతనే. తలెత్తేవాడు కాదు. చిక్కిపోయిన భుజాలు మాత్రం ఆమె కంట పడుతూనే ఉన్నాయి. చివరికొక మధ్యాహ్నం ఆమే గుమ్మంలో నిలబడి అరిచింది.

"ఎందుకు వదిలావురా వాడి చెయ్యి?"

ఆర్తోస్ వచ్చి గడప అవతలే కూలబడ్డాడు. "నేను వదల్లేదు పెద్దమ్మా. ఇద్దరం మునిగిపోతున్నాం. వాడే నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. 'పోరా, అమ్మకి చెప్పు' అన్నాడు. ఏం చెప్పాలో అనకుండానే పోయాడు."

"ఇన్నాళ్లూ ఈ మాట కడుపులో పెట్టుకు కూర్చున్నావా?"

"బతికొచ్చినవాడి మాట ఎవరు నమ్ముతారు?"

నెమెతా అతని చెయ్యి లాక్కుని, కాలిన మచ్చలున్న ఆ వేళ్లని తడుముతూ ఉండిపోయింది. "చిన్నప్పుడూ అంతే వాడు," అంది. "తన గిన్నెలోది పక్కవాడి గిన్నెలో వేసేవాడు." లోపల సెనువా బావురుమంది. ఆమె అలా ఏడవడం మొగుడు పోయాక అదే మొదలు. అత్త వెళ్లి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

మందలు దిగే రోజు వచ్చింది. సెనువా కట్టుకున్న మూటని నెమెతా విప్పేసింది. "నువ్వే పొమ్మన్నావుగా?" అంది సెనువా.

"అన్నాను. ఇప్పుడు ఉండమంటున్నాను. వినబడిందా?"

సెనువా మగ్గానికి కొత్త ఉన్నిదారం ఎక్కించడం మొదలుపెట్టింది. నెమెతా బయటికొచ్చి, కోటంతా వినబడేలా కేకేసింది:

"ఒరేయ్ ఆర్తోస్! రొట్టె చల్లారిపోతోంది, చేతులు కడుక్కుని రా!"