చారలు లేని ఉడుత

నిజం చెప్పినందుకు పదేళ్ల వయసులోనే శ్రీరంగానికి అబద్ధాలకోరని పేరొచ్చింది. భోపాలపట్నంలో వాళ్ల బట్టల కొట్టు వెనక గుట్ట మీద చారలు లేని ఉడుతను, అదీ మూతి కోసుగా సాగిన ఉడుతను చూశానన్నాడు. అక్క కూడా చూసిందన్నాడు. తండ్రి అడిగితే అక్క అన్నపూర్ణమ్మ తాను గుట్టే ఎక్కలేదంది. ఇంకేముంది, పిల్లవాడి వీపు విమానం మోత మోగింది. నలభై అయిదేళ్లు గడిచినా చుట్టాలందరికీ అతను ఉడుతయ్యే. ఎవరు కోతలు కోసినా ఇంట్లో అతని వైపే చూసి నవ్వుతారు. తనూ నవ్వేస్తాడు గానీ, లోపల కలుక్కుమంటుంది.

అందుకే, ఊళ్లో మూతబడిన ఫోటో స్టూడియో వాళ్లు అమ్మేస్తున్న సామాన్లలో, దూరంవాటిని దగ్గరగా చూపించే పాత టెలిఫోటో లెన్సు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిన మొద్దు లెన్సు. తన కొత్త కెమెరాకు అతకదు. జగదల్‌పూర్‌లో లేత్ పని చేసే సుక్రాం మధ్యలో వేసే రింగు చేసిచ్చాడు. తీరా బిగించి చూస్తే అది రెండు రూపాయి బిళ్లల మందం ఎక్కువైంది. ముప్పై అడుగులు దాటితే చెట్టయినా కొండయినా పొగే. శ్రీరంగం ఫోన్లో సుక్రాంను కడిగేశాడు. ఆ కోపంలోనే దగ్గరలోని గోడ మీది తొండ వైపు లెన్సు తిప్పాడు. మెడ కింది పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత తేటగా కనిపించాయి. తిట్టిన నోటితోనే సుక్రాంకు మళ్లీ ఫోన్ చేసి, రింగు వెనక్కి పంపనన్నాడు.

మర్నాడే గుట్టెక్కాడు. రెండుసార్లు తోక కనిపించింది. ఫోకస్ తిప్పేలోపు అదీ లేదు. గుట్ట కింది దోర్ల గిరిజనుల పల్లె నుంచి వచ్చి తునికి పండ్లు ఏరుకుంటున్న ముయె అనే ఆమె చాలాసేపు చూసి జాలిపడింది.

"దాని ఎంట ఎందుకు ఉరుకుతవు సావుకారీ? రోజు ఆ బండ కాడికే వస్తది. నువ్వే ముందుగాల పోయి కూసో."

అయితే ఈమెకు తెలుసన్నమాట. అడిగితే, తమ పల్లెలో దాన్ని చూడనివాళ్లు ఎవరని ఆమె ఎదురడిగింది. శ్రీరంగానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లలో వాళ్లింట ఒక్కరూ గుట్ట కిందివాళ్లను అడిగిన పాపాన పోలేదు.

మరునాడు పొద్దున్నే బండ మీద తునికి పండు పెట్టి, ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నాడు. పండు మీద ఫోకస్ కుదిరాక లెన్సు మీంచి చెయ్యి తీసేశాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి, చీమలు కుట్టాయి. కదల్లేదు. చివరికి అది వచ్చి రెండు చేతులతో పండు పట్టుకుంది. చారలు లేవు. మూతి కోసుగానే ఉంది. బటన్ నొక్కాడు.

ఫోటో ప్రింటు వేయించుకుని అక్క అత్తవారి ఊరు తర్లగూడ వెళ్లాడు. అనాల్సిన మాటలన్నీ దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. అన్నపూర్ణమ్మ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. ఇదేమిటని అడగలేదు.

"ఆ దినం తోక మీదికెత్తి పెట్టింది, యాదికున్నదా?" అంది.

మరి గుట్టే ఎక్కలేదని ఎందుకన్నావని శ్రీరంగం అడిగాడు.

"గుట్టెక్కిన్నని తెలిస్తే నాయిన నన్ను సుత కొడతడని అట్లన్న. తర్వాత చెప్దామంటే నోరు రాలే తమ్మీ."

కోపం వచ్చిన మాట నిజం. ఆ వెనకే, ఆ రోజు చూసింది తానొక్కడే కాదన్న సంతోషమూ వచ్చింది.

"ఈ ఫోటో నీ కాడనే ఉంచక్కా," అన్నాడు. "అందరికీ నువ్వే చూపియ్యి."