ఏడు కళ్ల గొర్రెపిల్ల

మా అమ్మకీ మా అత్తగారికీ పడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పడకపోవాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా. వియ్యపురాళ్లిద్దరూ ఒకే చర్చికి వెళతారు, ఒకే బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చుంటారు. ఆరాధన అయ్యాక "బాగున్నారా వదినగారూ" అనుకుని చెరో దారిన పోతారు. అమ్మ దర్జీ పని చేస్తుంది. అత్తగారు రిటైరైన డ్రాయింగు టీచరు. ఆదివారాలు చర్చిలో పెద్దవాళ్లకి బైబిలు పాఠం చెబుతుంది. ఆ పాఠానికి అమ్మ ఒక్కనాడూ వెళ్లలేదు. "వెళ్తే పరీక్ష పెడుతుందేమోనే" అనేది.

అలాంటిది, అమ్మ కోసం అత్తగారికి నేనే ఫోన్ చేసి ఆసుపత్రికి రమ్మనాల్సి వచ్చింది.

అమ్మ కుట్టు మిషను ముందే స్పృహ తప్పి పడిపోయింది. గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదించిందనీ, ఛాతీలో పేస్‌మేకర్ పెట్టాలనీ, ఆలస్యం చేస్తే ఈసారి పడ్డ మనిషి లేవకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. అమ్మ బుద్ధిగా తలూపింది. ధైర్యం వస్తుందని కాబోలు, ఆయన ఒక నమూనా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద నంబరుంది. ఒంట్లో ఉన్నా బయటి నుంచి చదవొచ్చని కూడా చెప్పాడు పాపం. అంతే, చెయ్యి కాలినట్టు అమ్మ దాన్ని దుప్పటి మీద పడేసింది.

"నాకొద్దు. చచ్చినా వద్దు."

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఫోన్లో ఒక ప్రసంగీకుడున్నాడు. ఆయన మాటల వెనకాల ఎప్పుడూ ఉరుముల చప్పుడు వస్తుంది కాబట్టి నేను ఉరుములయ్య అంటాను. అంత్యదినాల్లో క్రూరమృగం మనుషుల చేత మొక్కించుకుని తన సంఖ్యతో ముద్ర వేస్తుందనీ, అది వేయించుకున్నవాళ్లకి దేవుడి దగ్గర చోటు లేదనీ బైబిలు చివరి పుస్తకంలో ఉంది. ఆ ముద్ర ఒంట్లో పెట్టే నంబరు మిషనేనని ఉరుములయ్య తేల్చేశాడు. అమ్మ బట్టలు కుడుతూ రోజూ అదే వింటోంది.

నాకు ఒళ్లు మండింది. "ఆయన గుండె ఆగితే ఆయన పెట్టించుకోడా? బతకమంటే ఈ బెట్టేంటి?" అని వార్డంతా వినపడేలా అరిచాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"నీకేం తెలుసే? మీ నాన్న అక్కడ నా కోసం చూస్తుంటారు. తీరా వెళ్లాక నన్ను గుమ్మంలోనే ఆపేస్తే?"

చావంటే భయపడేవాళ్లకి ధైర్యం చెప్పొచ్చు. పోయిన నాన్నని మళ్లీ చూడలేనేమోనని భయపడే మనిషికి నేనేం చెప్పను?

బయటికెళ్లి అత్తగారికి ఫోన్లో సంగతంతా చెప్పాను. ఆమె వచ్చింది. వస్తూనే పెద్ద ప్రసంగం మొదలుపెడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, సంచీలోంచి పెన్సిలు తీసి, ఎక్స్‌రే కవరు వెనక్కి తిప్పి అమ్మ ఒళ్లో పెట్టింది.

"వదినగారూ, ఆ చివరి పుస్తకంలో ప్రభువుని గొర్రెపిల్లగా చూపించారు కదా. ఒకసారి వేయండి. ఏడు కొమ్ములు, ఏడు కళ్లు."

"ఇప్పుడా?"

"పడుకుని చేసే పనేముంది?"

గుడ్డ మీద గీతలు గీసి గీసి అమ్మ చెయ్యి తిరిగిన చెయ్యి. గొర్రెపిల్ల చక్కగానే వచ్చింది. కొమ్ములు ఎలాగో పట్టాయి. కళ్ల దగ్గరే చిక్కొచ్చింది. మొహం మీద చోటు చాలక రెండింటిని మెడ మీద వేసింది. బొమ్మని దూరంగా పెట్టి చూసుకుని, ఫక్కున నవ్వేసింది.

"ఇదేం గొర్రెపిల్ల వదినగారూ! పిల్లలు చూస్తే జడుసుకుంటారు."

"కళ్ల సంగతి సరే, ఆ కాళ్లు కుక్కవి" అంది అత్తగారు. "మీరు ప్రార్థన చేసేటప్పుడు మనసులో ఈ రూపమే ఉంటుందా?"

"ఛ, అదేం మాట! ఏడు కళ్లంటే ఆయనకి అన్నీ కనపడతాయని."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఒకరు చెప్పాలా? తెలియడం లేదూ?"

అత్తగారు తలూపి, బైబిలు తెరిచి ఇచ్చింది. "మీ ప్రసంగీకుడు మృగం ముద్ర, దాని సంఖ్య చెప్పి ఆపేస్తాడు కదా. అక్కడ అధ్యాయం అయిపోతుంది. ఆయన ఆపిన చోటు నుంచి ఒక్క మాట ముందుకి చదవండి."

అమ్మ కళ్లజోడు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివింది. "గొర్రెపిల్లతో నిలబడ్డవాళ్ల నొసళ్ల మీద ఆయన పేరూ, ఆయన తండ్రి పేరూ రాసున్నాయట."

"మీరు ఆయన మనిషేనా?"

"అదేం ప్రశ్న!"

"మరి మీ నొసటి మీద పేరేది?"

అమ్మ చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది. "కనపడదు. అంతమాత్రాన లేదంటారేంటి? ఉంది!" అంది కోపంగా.

"నేనూ ఉందనే అంటున్నాను. ఈ పేరు సిరాతో రాసింది కానప్పుడు, పక్కనే చెప్పిన ఆ ముద్ర ఇనపముక్క ఎలా అవుతుంది? రెండూ అడిగేది ఒకటే. నువ్వు ఎవరి మనిషివి, ఎవరికి మొక్కుతావు? రాజే దేవుడని మొక్కనివాళ్లకి బతుకే కష్టమైన కాలంలో, వాళ్ల గుండె నిలబెట్టడానికి మాటలతో వేసిన బొమ్మలివి. గుండె బాగు చేసే డాక్టరుకి ఎవరూ మొక్కరు వదినగారూ, ఫీజిస్తారు."

మా అత్తగారంటే నాకు ఎప్పుడూ కాస్త బెదురే తప్ప ఇష్టమని చెప్పలేను. ఆ పూట మాత్రం ఆమె కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. నేను వార్డు అదిరేలా అరిచి చేయలేనిది ఆమె గొంతు పెంచకుండా చేస్తోంది. అమ్మ భయాన్ని ఒక్కసారి కూడా పిచ్చి అనలేదు. చెప్పాల్సిందంతా అమ్మ నోటితోనే చెప్పించింది.

అమ్మ ఆ పేజీ ఇంకోసారి చదువుకుంది. తర్వాత చిన్నగా అడిగింది.

"మీరు చెప్పింది తప్పయితే?"

అత్తగారు పెన్సిలు సంచీలో పెట్టుకుంది.

"నేను నమ్మేదే చెప్పాను. తప్పయితే ఆ తప్పు నాది. అక్కడ మిమ్మల్ని ఎవరైనా ఆపితే నా పేరు చెప్పండి. టీచరమ్మ ఇలా చెప్పింది, నేను చేశాను అనండి."

"మిమ్మల్ని పిలిపిస్తారేమో."

"వస్తాను."

అమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "మీరొస్తే అక్కడ వాళ్లందరి చేతా బొమ్మలు వేయిస్తారు" అని, నా వైపు తిరిగి, "డాక్టర్ని పిలువు" అంది.

అమ్మని లోపలికి తీసుకెళ్లాక అత్తగారు కనపడలేదు. వెతుక్కుంటూ వెళితే మెట్ల పక్కన బెంచీ మీద ఒక్కతే తల వంచుకుని కూర్చుని ఉంది. ఏడుస్తోంది. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, ఆమె కంట నీరు నేనెరగను. దగ్గరికి వెళ్లబోయి, మాటలు వినపడి ఆగిపోయాను.

"ప్రభువా, తప్పు చెప్పుంటే నన్నడుగు. నా చోటు ఆమెకివ్వు. ఆమె భర్త అక్కడ ఎదురు చూస్తున్నాడు, ఆమెని ఆపొద్దు."