మూడో జత పుల్లలు

ఇరవై దయ్యాల నవలలు అవలీలగా రాసిన చెయ్యి మిత్సుయోది. అలాంటిది ఈసారి చివరి అధ్యాయం దగ్గర మొరాయించింది. భర్త షుంపే పోయాక మొదలుపెట్టిన నవల ఇది. తల తాకట్టు పెట్టైనా ముగించి తీరాలని ఆమె పంతం.

"పాఠకుడి ఒళ్లు జలదరించాలి మేడమ్. జుట్టు విరబోసుకున్న ఆడదాన్ని ఒకర్తెను తీసుకురండి, పనైపోతుంది," అన్నాడు సంపాదకుడు కువబర ఫోన్లో.

"తీసుకురాను. దాన్ని చూసి మా పక్కింటి పిల్లి కూడా జడుసుకోదు," అని పెట్టేసింది.

మధ్యాహ్నం అత్తగారు కినుయే భోజనానికి పిలిచింది. ఎనభై దాటినా ఆవిడ నోటికి మాత్రం వయసు రాలేదు.

"తిండి మానేస్తే దయ్యాల గురించి రాయక్కర్లేదే, నువ్వే అయిపోతావు. ఇదిగో, గుమ్మడికాయ తిను," అంటూ ఉడికిన ముక్కని తను అన్నం తినే పుల్లల జతతో పట్టి అందించింది. ఏదో ధ్యాసలో ఉన్న మిత్సుయో తన పుల్లలతోనే అందుకుంది.

ఇద్దరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి. అలా పుల్లల నుంచి పుల్లల్లోకి అందుకునేది దహనం అయ్యాక ఎముకలు ఏరేటప్పుడే. అన్నం దగ్గర చిన్నపిల్లలు చేసినా వీపు మీద ఒక్కటి పడుతుంది. కిందటేడు షుంపే ఎముకల్ని వీళ్లిద్దరూ అలాగే అందుకుని కుండలో వేశారు.

"అయ్యో, నా చేతులు పడిపోను!" అంది కినుయే.

మిత్సుయోకి ఏడుపొచ్చింది. వెన్ను కూడా చల్లబడింది. ఇన్నాళ్లూ వెతికిన భయం ఇంట్లోనే, కూర గిన్నె పక్కనే దొరికింది.

"అత్తయ్యా, నేనిది రాస్తాను."

"రాశావంటే నీ చేతి నీళ్లు ముట్టను. నా కొడుకుని పుస్తకాల్లో పెట్టి అమ్ముకుంటావా?"

"మీరు వద్దంటే అచ్చుకివ్వను. రాయకుండా మాత్రం ఉండలేను."

లేచి వెళ్లి రాత బల్ల ముందు కూర్చుంది. అధ్యాయంలో అత్తాకోడళ్లు భోంచేస్తుంటారు. అత్త పుల్లలతో ముక్క అందిస్తుంది, కోడలు పుల్లలతో అందుకుని పక్కకి చాపుతుంది. అక్కడ మూడో జత పుల్లలు దాన్ని పట్టుకుంటాయి. ఎవరూ ఉలిక్కిపడరు. సాయంత్రానికి ముగించి, ఆ కాగితాలు అత్తగారి ఒళ్లో పెట్టింది.

కినుయే కళ్లజోడు సర్దుకుని చదివింది. చివరి పేజీ రెండుసార్లు చదివింది. 

"చింపేయమంటారా అత్తయ్యా?"

"ఒట్టి ముక్క చేతిలో పెట్టి కూచోబెట్టావేమే వాణ్ణి? అన్నం గిన్నె పెట్టు. పెట్టి, అప్పుడు అచ్చుకి పంపు."